టేపులో లేని అడుగు

"కోర్టు ఇల్లిస్తానంటే మేస్త్రి వద్దన్నాడు" అని లాండ్రీ అత్త అన్నదట. అన్నది ఎదురింటి నర్సుతో. నర్సు డ్యూటీకి వెళ్తూ వెళ్తూ ఆ మాటను బేకరీలో దించి వెళ్లింది. బేకరీ నుంచి రొట్టెతో పాటు అది మేస్త్రి భార్య చేతిసంచిలో ఇంటికి చేరేసరికి దానికి కాళ్లూ చేతులూ మొలిచాయి.

"డబ్బంతా బ్యాంకులో పెట్టుకుని కదలకుండా కూచున్నాడట మీ నాన్న. గడువు దాటాక మెలకువొచ్చి ఇప్పుడు జడ్జిగారి గుమ్మం పట్టుకు వేలాడుతున్నాడట" అంటూ ఆవిడ రొట్టె తీసి బల్ల మీద పెట్టింది. "ఇంకా ఏమందో తెలుసా? సామాను ఎప్పుడు బయటపడుతుందా అని కాంపౌండరు కిటికీలోంచి చూస్తున్నాడట. మన సామాను."

"ఇదంతా అత్తే అన్నదా?" అడిగింది కూతురు.

"అట అన్నానుగా. నేను విన్నానా ఏంటి."

లాండ్రీ అత్త నోటికి సరిపడే తాళం ఇంకా ఎవరూ చేయలేదు గాని, ఆవిడ మాటలో సగం నిజమే. ఎనిమిదేళ్ల కిందట కాంపౌండరు, మేస్త్రి అద్దెకుంటున్న ఈ వడ్రంగం షాపునీ, వెనక ఉన్న రెండు గదులనీ మేస్త్రికి అమ్ముతానని కాగితం రాసి బయానా తీసుకున్నాడు. ఆ తర్వాత వీధిలో ధరలు పెరిగాయి, అల్లుడు చెవిలో దూరాడు, కాంపౌండరు మాట తప్పాడు. మేస్త్రి కోర్టుకెక్కాడు. ఎనిమిదేళ్లు నలిగి నలిగి చివరికి మేస్త్రే గెలిచాడు. మిగతా సొమ్ము మూడు నెలల్లోగా కోర్టులో కట్టాలి, కట్టిన వెంటనే కాంపౌండరు రిజిస్ట్రేషన్ చేయాలి అని తీర్పు.

ఇల్లు అలకగానే పండగ కాదు కదా. డబ్బు సిద్ధంగా ఉన్నా, కట్టబోయే ముందు మేస్త్రి ఎందుకైనా మంచిదని షాపు కొలిచాడు. తూర్పు గోడ నుంచి పడమటి గోడకు ఒక అడుగు తక్కువొచ్చింది. అంతే, బిగుసుకు కూచున్నాడు. "తక్కువ కలపకు నిండు డబ్బిచ్చిన వడ్రంగి ఎక్కడైనా ఉంటే చూపించండి" అన్నాడు. "ముందు కట్టు, తర్వాత కొట్లాడు" అని ప్లీడరు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. మేస్త్రి వినలేదు. సర్వేయరుకి అర్జీ పెట్టి, ఆయన వంతు ఇవాళొస్తుంది రేపొస్తుంది అని చూస్తూ గడువు కాస్తా దాటించాడు. దాటి నలభై రోజుల పైమాటే. తీర్పు కొట్టేయమని కాంపౌండరు ఒక అర్జీ, గడువు పెంచమని మేస్త్రి ఒక అర్జీ. ఈ అడుగు గొడవేంటో ముందు తేల్చమని జడ్జి ఒక కమిషనర్ని వేశాడు. ఆవిడ రావాల్సింది ఇవాళే, శుక్రవారం పదకొండు గంటలకి. వాదనలు సోమవారం.

ఇప్పుడు టైము పదింపావు.

మేస్త్రి కూతుర్ని వీధిలో అందరూ చిన్నమేస్త్రి అంటారు. మొదట వేళాకోళానికే అన్నారు. ఆమె చేసిన కిటికీలు రెండు వానాకాలాలు ఉబ్బకుండా నిలబడ్డాక ఆ పేరులోంచి వేళాకోళం పోయి పేరు మిగిలింది. ఆ ఉదయం ఆమెకు ఒక చోట కాలు నిలవడం లేదు. ఉలి తీసి పెట్టింది, పెట్టి తీసింది. తుడిచిన బల్లనే తుడిచింది. తండ్రి అంతకంటే ఘోరం. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెవి వెనక కొత్త పెన్సిలు దోపుకుని, కమిషనరమ్మ కూచోవాల్సిన స్టూలుని కిటికీ కింద వేసి, అక్కడ ఎండని గుమ్మం పక్కకి లాగి, అక్కడ పొట్టు ఎగురుతుందని మళ్లీ కిటికీ కిందకే తెచ్చాడు.

ప్లీడరు ముందుగానే వచ్చాడు. సంచీలోంచి ఫైలు తీసి రంపం మిషను మీద పెట్టి, కాఫీ ఉందా అని లోపలికి వెళ్లాడు. చిన్నమేస్త్రి ఊరికే, చేతికేదో పని కావాలని, ఆ ఫైలు తిప్పింది. నాన్న సంతకం పెట్టి ప్రమాణం చేసిన కాగితాన్ని ఆమె చదవడం ఇదే మొదటిసారి. నాన్న అడుగు తక్కువన్నాడు, తక్కువే అనుకుంది. మేస్త్రి లెక్కను వీధిలో ఎవరూ సరిచూడరు.

'తీర్పులో తూర్పు పడమరలు ముప్పై ఆరు అడుగులని ఉండగా, స్వయంగా రెండు పర్యాయములు కొలిచి చూడగా ముప్పై ఐదు అడుగులు మాత్రమే ఉన్నందున...'

ఆమె వేలు ఆ వరుస మీద ఆగిపోయింది.

ముప్పై ఆరు అని తను అరిచింది కదా. ఆ రోజు టేపు చివర నిలబడి, మిషను చప్పుడు మీదుగా గొంతెత్తి, "ముప్పై ఆరు" అని రెండుసార్లూ తనే అరిచింది. మరి ముప్పై ఐదు ఎక్కడినుంచి వచ్చింది?

తలెత్తి మేకుకు వేలాడుతున్న టేపు వంక చూసింది. పచ్చటి పొడుగాటి నారటేపు. ఆమె పనిలో చేరిన ఏడాదే దాని కొసని బ్యాండు రంపం మింగింది. సరిగ్గా మొదటి అడుగు పోయింది. కొత్తది కొందామంటే మేస్త్రి ఒప్పుకోలేదు. "మిగతా తొంభై తొమ్మిదీ ఏం పాపం చేశాయి" అన్నాడు. అప్పటినుంచి షాపులో అదొక పద్ధతి అయిపోయింది. ఒకటి అంకె దగ్గర గోడకి ఆనించి పట్టుకోవాలి. చివర వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేయాలి. ఇద్దరూ కలిసి కొలిస్తే ఆమె మొదలు పట్టుకుంటుంది, నాన్న చివర చదివి ఒకటి తీసేసి రాసుకుంటాడు. ఆమె ఒక్కతే ఎవరింటికైనా కొలతకు వెళ్తే తనే చదివి తనే తీసేసి రాసుకుంటుంది. పదకొండేళ్లలో ఒక్క తలుపు తేడా రాలేదు.

ఆ రోజు మాత్రం చోట్లు మారాయి. పడమటి గోడకీ చిత్రిక మిషనుకీ మధ్య జానెడు సందు. నాన్న మోకాలు పట్టేసి అందులో దూరలేకపోయాడు. "నువ్వు అటు పో తల్లీ, నేనిక్కడ పట్టుకుంటాను" అన్నాడు. ఆమె సందులో దూరి టేపు చదివింది. ముప్పై ఏడు. చెయ్యి అలవాటున ముక్కు తుడుచుకున్నట్టు నోరు అలవాటున ఒకటి తీసేసి, ముప్పై ఆరు అని అరిచింది. అటు నాన్న విన్నాడు. ఆయన నోరూ ఊరుకుంటుందా? ఆయనా ఒకటి తీసేశాడు. గోడ మీద ముప్పై ఐదు అని రాసుకున్నాడు. అనుమానమొచ్చి సాయంత్రం మళ్లీ కొలిచారు. అవే చోట్లు, అదే టేపు, అవే రెండు నోళ్లు.

అడుగు ఎవరూ మింగలేదు. తండ్రీ కూతుళ్లిద్దరూ చెరొకసారి తీసేశారు.

చిన్నమేస్త్రి కుండలోంచి నీళ్లు ముంచుకుంది గాని తాగకుండానే గ్లాసు కింద పెట్టేసింది.

"నాన్నా, ఆ రోజు చివర చదివింది నేను కదా."

"ఎవరు చదివితే ఏంటి, టేపు అబద్ధమాడదు" అన్నాడు మేస్త్రి స్టూలు జరుపుతూ. "ఇది ఇక్కడుంటే బావుంటుందా?"

"స్టూలు సంగతి కాదు నాన్నా. నేను చెప్పిన అంకె..."

"అమ్మాయ్, నన్నిప్పుడు కెలక్కు. ఎనిమిదేళ్లుగా నన్ను వెర్రివాణ్ణి చేసి ఆడించారు మామా అల్లుళ్లు. ఇవాళ ఆ అడుగు ఎవడి కడుపులో ఉందో కోర్టే కక్కిస్తుంది."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని ఆయన అనుకుంటే నాలుగో కాలు చూపించే మొనగాడు లేడు. ఆమె లోపలికి పరుగెత్తి, కాఫీ ఊదుకుంటున్న ప్లీడరుకి గుక్కతిప్పుకోకుండా అంతా చెప్పింది. ఆయన కప్పు దించలేదు. కళ్లు మాత్రం కాఫీలోంచి పైకి లేచి ఆమె మీద ఆగాయి.

"మీ నాన్నకి తెలుసా?"

"వింటేగా."

"అయితే మంచిదే. నువ్వు నాకు చెప్పలేదు, నేను వినలేదు."

"అదేంటండీ. ఇంకాసేపట్లో ఆవిడొచ్చి కొలుస్తుంది."

"కొలవనీ. ఆవిడ టేపుకీ మన టేపుకీ తేడా ఉందంటాను. గోడ వంకరంటాను. సోమవారం దాకా లాగితే చాలు." కప్పు కింద పెట్టి, గొంతు తగ్గించాడు. "చూడమ్మా. ఆలస్యమైన వాడిని కోర్టు క్షమించదని కాదు. జబ్బు చేసిందంటే జాలిపడుతుంది. అప్పు పుట్టలేదంటే ఇంకో నెల ఇస్తుంది. మీ నాన్నకి జబ్బు లేదు, డబ్బు బ్యాంకులో మూలుగుతోంది. ఆయన కట్టకపోవడానికి మన దగ్గరున్నది ఒకే ఒక్క కారణం, ఆ అడుగు. అది కూడా లేదని తేలిందనుకో, అప్పుడు జడ్జిగారు ఏమడుగుతాడు? మరెందుకు కట్టలేదయ్యా అంటాడు. ఏం చెప్తావు? నాకు లెక్క రాదని చెప్తావా?"

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే గడువు పెరగడానికి సందుంది. చెప్తే తీర్పే పోవచ్చు. షాపు పోతుంది, వెనక గదులు పోతాయి. ఎనిమిదేళ్లూ పోయినట్టే."

ఆమె గుమ్మంలోంచి షాపులోకి చూసింది. సిమెంటులో బోల్టులు దిగేసిన చిత్రిక మిషను. దాని వాయిదాలు కట్టి ఏడాది కూడా కాలేదు. దక్షిణపు గోడ మీద పనిముట్లు, ఒక్కొక్కదాని చుట్టూ తను గీసిన పెన్సిలు గీత. ఉలి చీకట్లో కూడా తన చోటికి తను పోతుంది. ఈ షాపు కూతురి పేరునే రిజిస్టరు చేయించాలని నాన్న మొదటి నుంచీ అంటున్నాడు.

బయట చెప్పుల చప్పుడైంది.

కమిషనరమ్మ సన్నగా, పొడుగ్గా ఉంది. స్టూలు వైపు చూడను కూడా చూడలేదు. సంచీలోంచి కొత్త ఇనుప టేపు తీసింది. వెనకే కాంపౌండరు. ముప్పై ఏళ్లు ఆస్పత్రిలో సీసాలకు మందు కొలిచి పోసిన చేయి ఇప్పుడు ఊతకర్ర పట్టుకుంది. ఆ కర్ర, దాని పిడి, రెండూ ఒకప్పుడు మేస్త్రి చెక్కి ఇచ్చినవే. అప్పట్లో మేస్త్రి ఆయన్ని అన్నా అనేవాడు. కేసు పడ్డాక కాంపౌండరు గారయ్యాడు. అడుగు గొడవ మొదలయ్యాక ఆ గారు కూడా పోయింది.

"కూచోండి పెదనాన్నా" అంది చిన్నమేస్త్రి.

"నిలబడతాలేమ్మా. తొందరగా తేలిపోయే పనే కదా" అన్నాడాయన.

తొందరగానే తేలింది. కమిషనరమ్మ టేపు కొక్కేన్ని తూర్పు గోడకి తనే తగిలించి, తనే పడమటి సందులో పక్కవాటుగా దూరి చదివింది. "ముప్పై ఆరు. సరిగ్గా." పుస్తకంలో రాసుకుంది.

మేస్త్రి నవ్వాడు. "కొత్త టేపు కదమ్మా. సాగుతుంది."

"ఇనుము సాగుతుందా మేస్త్రిగారూ?"

"వంగుతుంది. మధ్యలో జారింది, నేను చూశాను. నా టేపుతో కొలవండి. నలభై ఏళ్లుగా ఈ చేత్తో కొలుస్తున్నాను, నూలుపోగు తేడా రాలేదు."

ప్లీడరు అందుకున్నాడు. "అవునండీ, మా టేపుకీ మీ టేపుకీ తేడా ఉందని రాసుకోండి. చాలు."

"ఊరికే ఎందుకు రాస్తాను? కొలవమనండి, చూసి రాస్తాను" అందావిడ.

"కొలుస్తాం. ఆ రోజు ఎలా కొలిచామో అలాగే." మేస్త్రి మేకు మీది టేపు తీసి దాని చుట్ట కూతురి చేతిలో పెట్టాడు. చెంగున తూర్పు గోడ దగ్గరికి పోయి, ఒకటి అంకెను బొటనవేలితో గోడకి అదిమి పట్టాడు. పట్టిన మోకాలు కూడా ఆయనకి గుర్తు లేదు. "పో తల్లీ. చదువు. అందరూ వినేలా చదువు."

చిన్నమేస్త్రి టేపు విప్పుకుంటూ నడిచింది. ముప్పై ఆరు అడుగుల షాపు ఆ పూట ఎంతకీ తరగలేదు. సందులో దూరింది. మిషను ఇనుము వీపుకి చల్లగా తగిలింది. టేపు బిగలాగి గోడకి ఆనించింది. అంకె ఎర్రగా, ఎదురుగా ఉంది.

ఆమె నోట్లో రెండు అంకెలు తిరుగుతున్నాయి. ముప్పై ఆరు అంటే నాన్న అలవాటుగా ఒకటి తీసేసి ముప్పై ఐదు అని ఎగిరి గంతేస్తాడు. ప్లీడరు తన టేపు తేడా మాట పట్టుకుని వేలాడతాడు. సోమవారం దాకా బతుకుతారు. కమిషనరమ్మ ఈ సందులో మళ్లీ దూరి చూస్తుందో లేదో. ప్లీడరు దగ్గాడు. అది జలుబు దగ్గు కాదు.

గది అవతల కాంపౌండరు కర్ర మీద రెండు చేతులూ వేసి నిలబడి ఉన్నాడు. ఆయన ఆమె వైపు చూడటం లేదు. నేల వైపు చూస్తున్నాడు. రెండు నెలల కిందట బేకరీ ముందు నాన్న నలుగురిలో, "అడుగు మింగిన వాడికి మందు కొలతలో ఎంత మింగే అలవాటుందో" అన్నప్పుడు కూడా ఆయన ఇలాగే నేల చూశాడు.

"ఎంత?" అని అరిచాడు మేస్త్రి.

"ముప్పై ఏడు నాన్నా" అందామె. "ఇంకా తీయలేదు. నువ్వు తీయి."

"ముప్పై ఏడులో ఒకటి పోతే..." మేస్త్రి నోరు ముందే వెళ్లిపోయింది. "ముప్పై..." అక్కడ ఆగింది.

కమిషనరమ్మ ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. "ఒకటి ఎందుకు తీయాలి?"

"టేపుకి మొదటి అడుగు లేదండీ" అంది చిన్నమేస్త్రి సందులోంచి బయటికొస్తూ. జుట్టునిండా పొట్టు. "ఒకటి దగ్గర మొదలుపెట్టి ఒకటి తీసేస్తాం. ఆ రోజు నేను తీసేసి చెప్పాను. నేను తీసేశానని నాన్నకి తెలీదు. నాన్న మళ్లీ తీశాడు. తప్పు నాది."

మేస్త్రి బొటనవేలు ఇంకా ఒకటి అంకె మీదే ఉంది. గోడ మీద తను పెన్సిలుతో రాసిన ముప్పై ఐదు ఆయన కళ్లకి జానెడు దూరంలో ఉంది. పక్కన రెండో కొలత తాలూకు ఇంకో ముప్పై ఐదు. దాని కింద, అప్పుడు కోపంలో కొట్టిన రెండు అడ్డగీతలు. ఆయన వేలు తీశాడు. టేపు నేలకి జారింది.

"రెండు టేపులతోనూ ముప్పై ఆరే" అంది కమిషనరమ్మ రాసుకుంటూ. "సోమవారం ఇది జడ్జిగారి ముందుంటుంది."

ప్లీడరు రుమాలుతో బట్టతల తుడుచుకున్నాడు. ఓడిన ఆటలో చివరి పావు జరిపినట్టు కాంపౌండరు దగ్గరికి జరిగాడు. "పొరపాటు ఎవరికి జరగదండీ. దురుద్దేశం లేదని మీరే చూశారు, పిల్ల నిజం చెప్పింది. డబ్బు సిద్ధంగా ఉంది. గడువు పెంచడానికి నాకు అభ్యంతరం లేదని మీరు ఒక్క మాటంటే జడ్జిగారు కాదనడు. ఉదయం కట్టేస్తాం, సాయంత్రానికి మీ డబ్బు మీకు."

కాంపౌండరు ఆయన మాట విన్నట్టే లేదు. మేస్త్రి వంక చూస్తున్నాడు.

మేస్త్రి నాలుగడుగులు వేశాడు. దారిలో స్టూలుందని చూసుకోక తన్నుకున్నాడు. అది పడిపోయింది. లేపలేదు.

"అన్నా" అన్నాడు. ఎనిమిదేళ్ల తర్వాత ఆ మాట ఆయన నోట్లోంచి తుప్పుపట్టిన గడియలా కదిలింది. "లెక్క తప్పింది. ఒప్పుకుంటున్నాను. దాటింది నలభై ఒక్క రోజులే కదన్నా. ఇంత కాలంలో నలభై ఒక్క రోజులు ఒక లెక్కా?"

కాంపౌండరు కర్రని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. పిడిమీద మేస్త్రి చెక్కిన ఆకు అరిగిపోయి నున్నగా మెరుస్తోంది.

"ఒక్క అడుగు తక్కువైందని వీధివీధంతా నన్ను దొంగన్నావు మేస్త్రీ" అన్నాడు నెమ్మదిగా. "అది తక్కువవనే లేదు. నీకు మాత్రం నలభై ఒక్క రోజులు నిజంగానే దాటాయి. నిన్నేమనాలి?"

టేపు నేల మీద అటునుంచి ఇటు పరుచుకుని ఉంది. దాన్ని చుట్టడానికి కూడా ఎవరూ వంగలేదు.